చాపాలు చెరపొద్దు

బిందువుకు పొడవు లేదు, వెడల్పు లేదు, మందం లేదు. మా అమ్మాయి పుస్తకం చూసి ఈ మాట చదివేసరికి నేను చేటలో కందిపప్పు ఏరుతున్నాను. నా చెయ్యి ఆగిపోయింది.

“మరి ఏమున్నదే దానికి?”

“ఏం లేదమ్మా. అదొక జాగా. అంతే.”

“ఏం లేనిదాన్ని పట్టుకొని లెక్క చెయ్యాల్నా? నాసొంటోళ్ళను ఆగం చేసేటందుకే రాసినట్టున్నరు ఈ పుస్తకం.”

అది నెత్తి కొట్టుకుంది. ఖమ్మంలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్న పిల్ల. దసరా సెలవులకని ఇంటికొస్తే, కడుపునిండా తిని కంటినిండా నిద్రపోనివ్వకుండా లెక్కల పుస్తకం చేతికిచ్చి ఎదురుగా కూర్చోబెట్టాను. వచ్చే ఎండాకాలంలో ఓపెన్ స్కూల్లో పదో తరగతి పరీక్ష రాయాల్సింది అది కాదు, నేను.

మా ఊరు ఏన్కూరు దాటాక, రోడ్డు దిగి లోపలికి పోతే అడవి మొదలయ్యే చోట ఉంటుంది. అక్కడి అంగన్‌వాడీలో నేను ఆయాను. పొద్దున్నే పోయి ఊడ్చి, తుడిచి, పప్పూ అన్నం వండి, గుడ్లు ఉడకబెట్టి, పిల్లల ముక్కులు తుడిచి, మూతులు కడిగి, నిద్రపుచ్చి, గిన్నెలు తోమి ఇంటికి రావడం నా పని. నేను చదువు మానేసింది ఏడో తరగతిలో. మిరపకాయ కోతల కాలం వచ్చింది, నన్నూ తోటకు తీసుకుపోయారు. కోతలు అయ్యాక మళ్ళీ బడికి పొమ్మని ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు. తర్వాత పెళ్ళయింది.

మా టీచరమ్మ ఆ ఎండాకాలంలో రిటైరవుతోంది. పది పాసైన ఆయా ఉంటే ఆ పోస్టు ముందు ఆమెకే ఇవ్వడం అప్పట్లో ఉన్న పద్ధతి. దానికీ ఒక వయసు హద్దు ఉంది, నేను ఆ హద్దుకు దగ్గర్లోనే ఉన్నాను. నేను పాస్ కాకపోతే బయటినుంచి ఎవరో వస్తారు. మా కేంద్రానికి పక్క గూడెం పిల్లలు కూడా వస్తారు. ఇంట్లో వాళ్ళు కోయ మాట్లాడతారు. ఎవరు ఆకలికి ఏడుస్తున్నారో, ఎవరు అమ్మకోసం ఏడుస్తున్నారో నాకు వాళ్ళ గొంతు వింటే తెలుస్తుంది. ఇది ఒక కారణం. ఇంకో కారణం కూడా ఉంది, దాచడం ఎందుకు. నాకు ఆ కుర్చీ కావాలి. పేరుండి కూడా ఏళ్ళ తరబడి “ఏయ్ ఆయా” అని పిలిపించుకున్న మనిషికి ఆ కోరిక ఎట్లా ఉంటుందో పిలిపించుకున్నవాళ్ళకే తెలుస్తుంది.

తెలుగు, సాంఘికం భయం లేదు. సైన్సు బట్టీ కొట్టొచ్చు. లెక్కల్లో కూడికలు తీసివేతలు ఎట్లాగో లాక్కొస్తాను. జామెట్రీ అనేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చేది. అది మొదలయ్యేదే ఈ ఏమీ లేని బిందువుతో.

నేను పెన్సిల్‌తో కాగితం మీద గట్టిగా ఒక చుక్క పొడిచి, “ఇది బిందువు కాదా మరి?” అన్నాను.

“నువ్వు పెట్టింది చుక్క. ఆ చుక్క ఎక్కడున్నదో ఆ జాగా బిందువు. చుక్క పెద్దగ పెట్టినా చిన్నగ పెట్టినా జాగా మారదు గదా?”

నేను చేట పక్కన పెట్టాను. ఎక్కడో చూసినట్టే ఉంది ఈ సంగతి. మా వైపు మిర్చి నాటేముందు చేలో అచ్చు తోలతారు. సమానమైన ఎడంలో పళ్ళు బిగించిన చట్రాన్ని ఎడ్లకో ట్రాక్టరుకో కట్టి చేనంతా ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా లాగుతారు. చేను మొత్తం గళ్ళ దుప్పటిలా అవుతుంది. నిలువు గీత, అడ్డ గీత కలిసిన ప్రతిచోటా ఒక మొక్క. నేను చిన్నప్పటినుంచి ఆ గీతలు కలిసేచోట వంగి మొక్కలు నాటినదాన్నే.

“ఓసి, గింతేనా!” అన్నాను. “అచ్చు గీతలు కలిసినకాడ మొక్క పెడ్తం. పెట్టకముందు ఆడ ఏముంటది? ఏముండదు. జాగా మాత్రం ఉంటది. ఎవ్వలు పోయినా ఆడనే పెట్టాలె.”

“అవ్ అమ్మా! గదే బిందువు. ఆ నిలువు గీతలన్నీ సమాంతర రేఖలు. ఎంత దూరం పోయినా కలవవు. అడ్డగీత నిలువుగీతను నిటారుగా కోస్తే అది లంబం.”

దాని మొహంలో వెలుగు చూసి నాకు గర్వమేసింది. నేను నేర్చుకున్నందుకు కాదు, అది చెప్పగలిగినందుకు. కానీ ఆ గర్వం ఎంతోసేపు నిలవలేదు. వెంటనే సరళరేఖ వచ్చింది. దానికి రెండు వైపులా అంతం ఉండదట.

“గట్టు రాంగనే అచ్చు ఆగుతది. అంతం లేకుంట ఏది పోతదే? నువ్వు సూశినవా?”

“అట్ల రెండు చివరలున్నది రేఖాఖండం. సరళరేఖ వేరు. దాన్ని మొత్తం ఎవ్వరూ గీయలేరు, అనుకోవాలె. అందుకే రెండు పక్కల బాణం గుర్తులు పెడ్తం.”

“గీయలేనిదాన్ని అనుకొని ఏం సాధిస్తరు?”

పక్కన మంచం మీద పడుకున్న మా ఆయన అప్పటిదాకా నిద్ర నటిస్తున్నాడు. “మీ అమ్మ నోటికి కూడ బాణం గుర్తు పెట్టు బిడ్డా. రెండు పక్కల,” అన్నాడు. ఇద్దరూ నవ్వారు. నేను చేట ఎత్తాను కొట్టడానికి.

ఆ నవ్వులాట అయిపోయాక కూడా నా మనసు ఆ మాట దగ్గరే తిరిగింది. నాకు తెలిసినవన్నీ రేఖాఖండాలే. చేను గట్టుదాకా. బస్సు ఖమ్మందాకా. కోతలు ఎండలు ముదిరేదాకా. ఎప్పుడో పర్ణశాల పోయినప్పుడు గోదారి ఒడ్డున నిలబడితే ఒకటనిపించింది, ఇది ఎక్కడికో పోతోంది, నేను చూడనిచోటికి పోతోంది అని. అయినా దానికీ చివర సముద్రం ఉంటుందని తెలుసు. చివర లేనిదాన్ని మనసులో పెట్టుకోవడం నాకు అలవాటు లేదు, ఎవరూ నేర్పలేదు. ముప్పై ఎనిమిదేళ్ళకు మొదటిసారి కళ్ళు మూసుకొని ఒక గీతను గట్టు దాటించాను. అడవి దాటించాను. అది పోతూనే ఉంది. దీన్ని ఎవరికి చెప్పుకున్నా నవ్వుతారని ఊరుకున్నాను.

కోణం దగ్గర ఇంకో తగువు. గీతలు పొడుగ్గా గీస్తే కోణం పెద్దదవుతుందని నేను. కాదని అది. చివరికి లేచిపోయి తలుపు సగం తెరిచింది. “ఇది కోణం. ఈ తలుపు పక్క గుడిసె తలుపంత చిన్నగున్నా, గుడి తలుపంత పెద్దగున్నా, ఎంత తెరిచినవో అదే కోణం. రెక్క సైజుతోని పనిలేదు.”

ఇది మాత్రం నాకు చప్పున ఎక్కింది. ఇంట్లో పెద్ద పెద్ద తలుపులుండి వేలెడంత తెరిచి మాట్లాడే మనుషుల్ని చూశాను. తడిక తలుపున్న ఇల్లు బార్లా తెరిచి “తిన్నవా” అని అడిగినవాళ్ళనూ చూశాను. ఆ రోజునుంచి అల్పకోణం, అధికకోణం నేను మర్చిపోలేదు.

ఇక కంపాసు. పుస్తకంలో దాన్ని వృత్తలేఖిని అన్నారు, మేం కంపాసనే అన్నాం. మొదట్లో దాని సూది కాగితం మీద నిలిచేది కాదు, జారి గీత ఇంకెక్కడికో పోయేది. “ఈ కంపాసే వంకరున్నది” అంటే మా ఆయన “ఆడలేక మద్దెల ఓడన్నట్టు” అని నా మీద ఎక్కాడు. కానీ చెయ్యి కుదిరాక దాన్ని వదలబుద్ధి కాలేదు. ఒక రేఖాఖండం గీయాలి. కంపాసును సగంకంటే కొంచెం ఎక్కువ తెరవాలి. ఈ చివర సూది గుచ్చి పైనా కిందా ఒక్కో వంపు గీత, ఆ చివర గుచ్చి మళ్ళీ పైనా కిందా. ఆ వంపు గీతలనే చాపాలంటారు. పైన రెండు కలిసినచోటునూ కింద రెండు కలిసినచోటునూ కలిపి గీస్తే, అది మొదటి గీతను సరిగ్గా సగానికి, నిటారుగా కోస్తుంది. దాని పేరు లంబసమద్విఖండన రేఖ. పేరు పలికేలోపు పొయ్యి మీద అన్నం మాడుతుంది గానీ, పని మాత్రం ముచ్చటైనది.

స్కేలుతో కొలవకుండానే సగం! గుడ్డును దారంతో కోసి ఇచ్చినా “వానికి పెద్దముక్క ఇచ్చినవ్” అని ఏడ్చే పిల్లల మధ్య బతికినదాన్ని నేను. ఎవరూ పేచీ పెట్టలేని సగం ఒకటి ఉందంటే నాకు ఎంత సంబరమేసిందో చెప్పలేను.

సెలవులయ్యాక అమ్మాయి ఖమ్మం పోయింది. నేను అంగన్‌వాడీలో మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక నల్లబల్ల మీద సాధన మొదలుపెట్టాను. దారం ఒక కొసకు చాక్‌పీసు కట్టి, రెండో కొస బొటనవేలితో అదిమి పట్టి చాపాలు గీసేదాన్ని. గీసి, కలిసినచోట్లు కలిపి, సంతోషపడి, టీచరమ్మ వచ్చేలోపు తడిగుడ్డతో తుడిచేసేదాన్ని. కాగితాల మీద గీసింది తక్కువ. ఎప్పుడైనా అమ్మాయి వీడియో కాల్‌లో చూస్తుంటే గీసేదాన్ని. అది నా చెయ్యి కదలడం చూసి “సూపరమ్మా, కరెక్ట్” అని ఫోన్ పెట్టేసేది. దానికి దాని చదువుల ఒత్తిడి.

పరీక్ష ఖమ్మంలో. మిర్చి యార్డుకు బస్తాలు పోయే కాలం కావడంతో రోడ్డంతా లారీలు, బస్సులో ముక్కులు మండిపోతున్నాయి. హాల్లో నా చుట్టూ ఉన్న పిల్లలంతా మా అమ్మాయి ఈడువాళ్ళే. ఒకడు నన్ను ఇన్విజిలేటర్ అనుకొని లేచి నిలబడ్డాడు. “కూసో బిడ్డా, నేను సుత రాసెటందుకే వచ్చిన” అన్నాను.

లెక్కల పరీక్ష రోజు జామెట్రీలో గీయమని వచ్చినవన్నీ నాకు వచ్చినవే. కోణాన్ని సగం చేయమన్నారు. రేఖాఖండాన్ని సగం చేయమన్నారు. కోణమానిని వాడకుండా అరవై డిగ్రీలు గీయమన్నారు. కంపాసు సూది ఒక్కచోట కూడా జారలేదు. అన్నీ గీశాక ఇంకా టైముంది. కాగితం వైపు చూసుకున్నాను. అసలు గీతల చుట్టూ ఆ చాపాలు కోడి గీరినట్టు అడ్డదిడ్డంగా కనిపించాయి. పెద్దవాళ్ళు దిద్దే కాగితం, ఇట్లా ఇస్తారా ఎవరైనా? రబ్బరు తీసుకున్నాను. ఒక్కో చాపాన్ని జాగ్రత్తగా, అసలు గీతకు తగలకుండా తుడిచాను. పొట్టు ఊది, అరచేత్తో దులిపాను. తోమిన ఇత్తడి గిన్నెలా తళతళలాడింది కాగితం. బయటికొచ్చి మా అమ్మాయికి ఫోన్ చేసి, “జామెట్రీ దంచేసిన” అన్నాను.

ఫలితాలొచ్చాయి. అన్నీ పాసయ్యాను, లెక్కల్లో పోయాను. అదీ ఎన్నో మార్కులతో కాదు, అందీ అందనట్టు పోయింది.

ఫోన్లో అమ్మాయి “నేనే సరిగ్గ చెప్పలేదేమోనమ్మా” అంది. దాని గొంతు అట్లా వినేసరికి నాకు ఫెయిలైనదానికంటే ఎక్కువ ఏడుపొచ్చింది. మా ఆయన “పోనియ్యరాదే, ఉన్న ఉద్యోగం ఏడికి పోదు గదా” అన్నాడు. మంచికే అన్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. రెండు రోజులు ఆ మనిషితో మాట్లాడలేదు.

టీచరమ్మ రిటైరైంది. శాలువా కప్పారు, దండ వేశారు. పాయసం నేనే వండాను. ఆ పూట కుర్చీ ఖాళీ అయింది. పక్క ఊరి టీచరుకు ఇన్‌చార్జి ఇచ్చారు, ఆమె వీలైనప్పుడు వచ్చేది. పిల్లలకు పాటలు, కథలు, అక్షరాలు అన్నీ నేనే, పేరు మాత్రం ఆమెది. పోయేముందు టీచరమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, “వానలు పోయినంక ఇంకోసారి పరీక్ష ఉంటదట. పోస్టు అప్పటిదాక ఆగుతది. ఈసారి తప్పినవంటే బయటోళ్ళతో నింపుతరు. తర్వాత నీకు వయసు దాటిపోతది” అని చెప్పింది. మంచి మనిషి. పాయసంలో చక్కెర తక్కువైందని కూడా చెప్పింది.

ఈసారి ఆదివారాలు ఏన్కూరు హైస్కూల్లో పెట్టే క్లాసులకు పోయాను. ఓపెన్‌లో చదివేవాళ్ళ కోసం పెడతారవి. అక్కడ లెక్కలు చెప్పే సారు తెల్ల జుట్టు మనిషి, ఖమ్మం నుంచి బండి మీద వచ్చేవాడు. జల్దీ జల్దీ మాట్లాడతాడు, కోపం ముక్కు మీదే ఉంటుంది. నా మార్కులు చూసి, “అంత దగ్గరకొచ్చి ఎట్ల పడ్డవమ్మా? జామెట్రీ రాదా?” అన్నాడు.

“జామెట్రీయే మంచిగొస్తది సార్.”

“అయితే గీయి. పరీక్షల ఎట్ల గీసినవో గట్లనే గీయి, చూస్త.”

గీశాను. రేఖాఖండం, ఈ పక్క చాపాలు, ఆ పక్క చాపాలు, లంబసమద్విఖండన రేఖ. సారు తల ఊపుతూ చూస్తున్నాడు. నేను అలవాటు ప్రకారం రబ్బరు తీసి చాపాల మీద పెట్టాను.

“ఆగాగు! ఏం జేస్తున్నవమ్మా?” సారు కేక వేశాడు. క్లాసంతా మా వైపు తిరిగింది.

“తుడుస్తున్న సార్.”

“ఎందుకు?”

“నీటుగ ఉంటదని.”

సారు కుర్చీలో వెనక్కి వాలి నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. “పరీక్షల సుత గిట్లనే తుడిచినవా?”

“అవ్ సార్. అన్నీ.”

“అయ్యో తల్లీ! దిద్దేటాయన ఏమనుకుంటడు? స్కేలుతోని కొలిచి సగంకాడ గీత గీసిందనుకుంటడు. అరవై డిగ్రీలు కోణమానిని పెట్టి కొట్టేసిందనుకుంటడు. నువ్వు చేసిన పనే ఆ చాపాలు. ఆ గీతకు కాదమ్మా మార్కులు, ఆ చాపాలకు. అదొక్కదానికే ఫెయిలైనవని ఒట్టేసి చెప్పలేను గని, అట్లనే అయి ఉంటది.”

నాకు చెవుల్లోంచి పొగలొచ్చాయి. అంటే నిజాయితీగా గీసి, శుభ్రం చేసి ఇచ్చినందుకు నన్ను దొంగ అనుకున్నారా? ఊరుకోలేకపోయాను. “మిర్చికి అచ్చు తోలుతం సార్. మొక్క పెట్టినంక ఒక వాన పడితే ఆ గీతలు మాసిపోతయి. పోయినయని ఎవరన్న బాధపడ్తరా? మొక్క వరసల ఉన్నదా లేదా, అదే చూస్తరు. గీతలేవని ఎవ్వలూ అడగరు.”

క్లాసులో కుర్రాళ్ళు నవ్వారు. సారు నవ్వలేదు. “నిజమే. చేను పండుతది గనక అడగరు. పంటే సాక్ష్యం. కాగితం పండదు గదమ్మా. కాగితం మీద నువ్వు చేసింది చూపియ్యకపోతే చెయ్యనట్టే.”

రబ్బరు డబ్బాలో పెట్టేశాను.

ఆటోలో ఇంటికొస్తుంటే ఆ మాట నన్ను వదల్లేదు. చూపకపోతే చేయనట్టే. అప్పటిదాకా నేను చేసిన పనులన్నీ వరసగా కళ్ళముందుకొచ్చాయి. తుడిచిన గచ్చు మీద తుడిచినట్టు ఏముంటుంది? మురికి ఉంటే కనబడుతుంది, లేకపోతే ఏమీ కనబడదు. సూపర్‌వైజరమ్మ వచ్చినప్పుడల్లా “కేంద్రం బాగున్నది టీచర్” అనేది, అది తనంతట తానే బాగున్నట్టు. నల్లబల్ల మీద రోజూ తేదీ, పిల్లలెందరు, ఇవాళ వంట ఏంటి, టీచరు పేరు, అన్నీ రాసి ఉండేవి. వండిన మనిషి పేరు రాసే వరుస ఆ బల్ల మీద ఎన్నడూ లేదు. సాయంత్రం ఆ బల్లను తుడిచేది కూడా నేనే. ఇంట్లోనూ అంతే. పొద్దున ముగ్గు వేస్తాను, మధ్యాహ్నానికి తొక్కుతారు. అన్నం వండుతాను, తింటారు, గిన్నె తోమితే అన్నం ఆనవాలు కూడా ఉండదు. ఇంత కాలం నేను చాపాలే గీశాను, నా చేతులతో నేనే తుడిచాను. పైగా తుడిచినందుకు గర్వపడ్డాను. అది గుర్తొచ్చి ఆటోలో కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చాను. పక్కనున్న ముసలామె “ఎవలన్న పోయిన్రా బిడ్డా?” అని అడిగింది. “లెక్కల పోయిన” అన్నాను. ఆమెకు అర్థం కాలేదు, అయినా నా వీపు నిమిరింది.

తెలిసినంతమాత్రాన అలవాటు పోతుందా? ఇంటి దగ్గర కాగితం మీద గీసినప్పుడల్లా చెయ్యి రబ్బరు వైపే పోయేది. చాపాలు అట్లా వదిలేస్తే పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయినట్టు గుండె పీకేది. అమ్మాయి ఫోన్లో “రబ్బరు పారెయ్ అమ్మా” అనేది. పారెయ్యడానికి మనసొప్పలేదు. మంచి రబ్బరు.

రెండోసారి పరీక్షకు పోయిన రోజు ఆ రబ్బరును కొంగుకు ముడి వేశాను. ముడి మీద ముడి వేసి బొడ్లో దోపుకున్నాను. తీయాలంటే పళ్ళతో లాగినా రానట్టు. అన్ని లెక్కలూ చేసుకుంటూ వచ్చి గీసే ప్రశ్న దగ్గర ఆగాను. కోణ సమద్విఖండన. శీర్షం దగ్గర సూది గుచ్చి ఒక చాపం. అది రెండు భుజాలను కోసిన చోట్లనుంచి ఒక్కో చాపం. అక్కడ సూది జారింది. చాపం పక్కకు పోయింది. చెయ్యి కొంగుమీదికి పోయింది. ముడి రాదు. ఇంత పెద్ద తప్పు గీత నా కాగితం మీద, అందరికీ కనబడేట్టు! పక్క పిల్లను రబ్బరు అడగొచ్చు. అడగలేదు. ఆ తప్పు చాపాన్ని అట్లాగే ఉంచి, దానిపై చిన్న అడ్డగీత కొట్టి, పక్కన సరైనది గీశాను. పూర్తయ్యాక చూస్తే కాగితం సంతలో దుకాణంలా ఉంది. ఎక్కడ మొదలుపెట్టానో, ఎక్కడ జారానో, మళ్ళీ ఎట్లా పట్టుకున్నానో అంతా దానిమీద ఉంది. కళ్ళు మూసుకొని ఇచ్చేశాను. బయటికొచ్చాక బస్టాండులో ఒక టైలరు దగ్గర కత్తెర అడిగి కొంగు ముడి కోయించుకున్నాను.

పాసయ్యాను. ఫలితం నాకంటే ముందు మా అమ్మాయి చూసింది. ఫోన్లో అది అరిచిన అరుపుకు మా ఆయన ఏమైందోనని చెప్పుల్లేకుండా వాకిట్లోకి ఉరికాడు. పోస్టు కాగితం రావడానికి మాత్రం ఇంకా ఆలస్యమైంది. ఆ మధ్యలో నేను పడ్డ యాతన వేరే. వచ్చింది చివరికి.

మొదటి రోజు కుర్చీలో కూర్చుంటే ఎట్లా ఉందని అందరూ అడుగుతారు. నిజం చెప్పాలంటే ఇబ్బందిగా ఉంది. చేతులు ఖాళీగా ఉన్నాయి. నా తర్వాత ఆయాగా చేరినామె పక్క గూడెం మనిషి, ఐదో తరగతి దాకా చదివింది, మాట తక్కువ. నేను చీపురు అందుకోబోతే లాక్కుంది. పిల్లలు గచ్చు మీద చాక్‌పీసుతో సున్నాలు గీస్తున్నారు. ఒక పిల్ల గీసిన సున్నా మొదలు ఒకచోట, చివర ఇంకోచోట. కలవలేదని మళ్ళీ గీసింది. దానిపైన మళ్ళీ. కొత్త ఆయా తడిగుడ్డ పట్టుకొని వచ్చింది.

“ఉండనియ్యి,” అన్నాను. “ఎట్ల గీసిందో కనబడనియ్యి.”

“మురికిగున్నది టీచరమ్మా. ఎవలన్న వస్తే నన్నే అంటరు.”

ఎన్నిసార్లు అనుకున్నానో ఈ మాట నేను, ఇదే గదిలో, ఇదే గుడ్డ పట్టుకొని. “అంటే నన్ను అడగమను,” అన్నాను.

లేచి నల్లబల్ల దగ్గరికి పోయాను. తేదీ రాశాను. పిల్లలెందరో రాశాను. ఇవాళ వంట పప్పు, అన్నం, గుడ్డు. టీచరు పేరు దగ్గర నా పేరు రాశాను. దాని కింద కొత్తగా ఒక వరుస కలిపాను. ‘వండినవారు’ అని రాసి ఆమె పేరు రాశాను. ఆమె దగ్గరికొచ్చి అక్షరం అక్షరం కూడబలుక్కుంది. పేరు దగ్గరకు రాగానే కొంగు నోటికడ్డం పెట్టుకొని వంటగదిలోకి ఉరికింది.

సాయంత్రం ఇంటికి పోయేముందు బల్ల మొత్తం తుడిచేసింది. తన పేరు కూడా. మర్నాడు మళ్ళీ రాశాను. మళ్ళీ తుడిచింది. కోపం చేయలేదు. తుడవడం ఎట్లాంటి అలవాటో నాకు తెలుసు, కొంగుకు ముడి వేసుకుంటే తప్ప ఆగనిది. రోజూ ఆమె తుడిచింది, రోజూ నేను రాశాను.

మొన్న పొద్దున నేను వచ్చి తాళం తీసేసరికి బల్ల ఎప్పట్లాగే నున్నగా ఉంది. తేదీ లేదు, లెక్క లేదు, వంట లేదు, నా పేరు లేదు. అడుగున ఆ ఒక్క వరుస మాత్రం ఉంది. చుట్టూ తడిగుడ్డ జాడ కనబడుతోంది, ఆమె దానికి తగలకుండా ఎంత జాగ్రత్తగా తుడిచిందో.